జింకు కథ: ఖైరా తెగులు నుంచి నానో సీసా దాకా

సంతల్లో మందుల కొట్ల దగ్గర ఇప్పుడు "నానో" అనే మాట బాగా వినపడుతుంది. మన గ్రూపులో కూడా "నానో జింకు మంచిదేనా, చోడికి కొట్టొచ్చా, భూమి పాడవుద్దా" అని అడుగుతున్నారు. అవును, కాదు అని ఒక్క మాటలో తేల్చేది కాదు ఇది. దీని వెనక దాదాపు 150 ఏళ్ళ చరిత్ర ఉంది. ఆ చరిత్ర తెలియకుండా సీసా కొన్నా, తెలియకుండా తిట్టినా ఒకటే. పోస్టు పొడుగవుద్ది, ఓపిగ్గా చదవండి. కెమిస్ట్రీ వచ్చిన చోట వీలైనంత మన మాటల్లో చెప్తా.

ముందు జింకు గురించి. మనవాళ్ళు చాలామంది జింకు అంటే రేకు మీద పూత, బ్యాటరీ డొక్కు అనుకుంటారు. ఈ లోహాన్ని గాలి తగలకుండా వేడి చేసి ఆవిరిగా పట్టి, చల్లార్చి తీయడం చాలా కష్టమైన పని. ఆ పని పెద్ద ఎత్తున మొదట చేసినవాళ్ళు మన దేశంలోనే ఉన్నారు. రాజస్థాన్‌లో ఉదయపూర్ దగ్గర జావర్ అనే చోట 12వ శతాబ్దం నాటికే మట్టి మూసల్లో జింకు తీశారు. వాడిపారేసిన మూసలు అక్కడ గుట్టలు గుట్టలుగా ఇప్పటికీ ఉన్నాయి. ఇంగ్లండులో బ్రిస్టల్‌కి చెందిన విలియం ఛాంపియన్ దీనికి పేటెంటు తీసుకున్నది 1738లో. జావర్ చుట్టుపక్కల కొండలు భిల్లులు, మీణాలు ఉండే ప్రాంతం. ఆ కొలుముల దగ్గర ఎవరెవరు చెమటోడ్చారో రాజుల శాసనాల్లో వెతికితే దొరకదు. సరే, ఇది పక్క దారి. మన దారి పొలం వైపు.

మొక్కకి జింకు కావాలి అని మనుషులకి చాలా ఆలస్యంగా తెలిసింది. 1869లో ఫ్రాన్సులో జూల్ రోలాఁ అనే ఆయన (లూయీ పాశ్చర్ దగ్గర పనిచేసినవాడు) నల్ల బూజు మీద ప్రయోగాలు చేసి, జింకు లేకపోతే అది సరిగ్గా పెరగదని చూపించాడు. కానీ బూజు వేరు, పంట మొక్క వేరు. పంట మొక్కల సంగతి తేలడానికి ఇంకో 57 ఏళ్ళు పట్టింది. 1926లో కాలిఫోర్నియాలో ఆనా సోమర్ అనే ఆమె, చార్లెస్ లిప్‌మన్ అనే ఆయన కలిసి బార్లీ, పొద్దుతిరుగుడు మొక్కలతో దాన్ని నిరూపించారు.

ఎందుకంత ఆలస్యం? ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి, ఈ పాయింటు చివరిదాకా పనికొస్తాది. మొక్కకి కావలసిన జింకు చాలా కొంచెం. ఆ కొంచెం ఎక్కడ పడితే అక్కడ ఉంటాది. గాజు పాత్రలో ఉంటాది, నీళ్ళలో ఉంటాది, మందు కొట్లో కొన్న ఉప్పులో ఉంటాది, ఆఖరికి విత్తనంలోనే ఉంటాది. మనం "జింకు వెయ్యలేదు" అనుకుంటాం, మొక్క మాత్రం పాత్ర అంచు నుంచి తీసుకుంటాది. అందుకే వాళ్ళు నీళ్ళనీ, లవణాలనీ మళ్ళీ మళ్ళీ శుద్ధి చేసుకోవాల్సి వచ్చింది. అంటే మొక్క దేంట్లో పెరుగుతుందో, ఆ మట్టో నీళ్ళో ఇసుకో, దాన్ని సరిగ్గా చూసుకోకపోతే ప్రయోగం మనకి అబద్ధం చెప్తాది. తర్వాత నానో ప్రయోగాల్లో జరిగిన గొడవంతా ఇదే.

ఇంకో లోహం కథ కూడా చెప్పాలి, రాగి. 1860లలో అమెరికా నుంచి వచ్చిన ఫిలాక్సెరా అనే పురుగు ఫ్రాన్సు ద్రాక్ష తోటల వేర్లని తినేసింది. దాన్ని తట్టుకునే అమెరికా ద్రాక్ష మొక్కల్ని తెప్పిస్తే, వాటితోపాటు 1878లో బూజు తెగులు దిగింది. బోర్డో ప్రాంతంలో కొందరు రైతులు దారి పక్కన ఉన్న ద్రాక్ష తీగల మీద మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవాళ్ళు. తెగులు కోసం కాదు, దారిన పోయేవాళ్ళు పళ్ళు కోసుకుపోకుండా. ఆకులు నీలంగా, అసహ్యంగా కనపడితే ఎవడూ ముట్టడని. 1882లో మిలార్డే అనే వృక్ష శాస్త్రవేత్త ఆ దారిన వెళ్తూ, మిగతా తోటంతా ఎండిపోయినా దారి పక్క తీగలు పచ్చగా ఉండటం గమనించాడు. 1885కల్లా పాళ్ళు తేల్చి ప్రకటించాడు. అదే బోర్డో మిశ్రమం. దొంగల భయం లోంచి పుట్టిన మందు!

ఇది మనకి దూరం కథ కాదు. 1869లో సిలోన్ కాఫీ తోటల్లో ఆకు తుప్పు తెగులు బయటపడి, కొద్ది ఏళ్ళలో అక్కడ కాఫీనే లేకుండా చేసింది. తర్వాత దక్షిణ భారతంలో కాఫీని నిలబెట్టిన మందుల్లో ఈ బోర్డో మిశ్రమం ఒకటి. అరకు, పాడేరు, చింతపల్లి వైపు కాఫీ ఉన్న ఇళ్ళవాళ్ళకి ఈ పేరు కొత్త కాదు.

అయితే రాగి లోహం. లోహం కుళ్ళదు, ఆవిరైపోదు, సూక్ష్మజీవులు దాన్ని తిని మాయం చెయ్యలేవు. ఆకు మీద చల్లింది వానకి కడుక్కుపోయి మట్టిలో చేరుతుంది, అక్కడే ఉండిపోతుంది. వందేళ్ళు పైగా ఏటా చల్లిన యూరపు ద్రాక్ష తోటల మట్టిలో కొన్నిచోట్ల కిలో మట్టికి వందల మిల్లీగ్రాముల రాగి పేరుకుపోయింది. మామూలు మట్టిలో ఉండేది దానికి చాలా తక్కువ. వానపాములు, మట్టిలోని సూక్ష్మజీవులు దెబ్బతిన్నాయి. చివరికి యూరోపియన్ యూనియన్ 2019 నుంచి హెక్టారుకి ఏడేళ్ళలో 28 కిలోల రాగి మించకూడదని లెక్క పెట్టింది. గమనించండి, సేంద్రియ సేద్యంలో కూడా రాగి మందుకి అనుమతి ఉంది. "సేంద్రియం" అనే ముద్ర ఉంటే మట్టికి ఏమీ కాదు అనేది నిజం కాదు. మందు పుట్టిన 1885 నుంచి ఈ కట్టడి దాకా 130 ఏళ్ళ పైమాట. మొదటి ఇరవై ఏళ్ళలో ఎవర్ని అడిగినా "అద్భుతం" అనే చెప్పుంటారు. వాళ్ళు అబద్ధం చెప్పినట్టు కాదు, పంట నిజంగానే నిలబడింది.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. 1960లలో ఉత్తరప్రదేశ్ తరాయి ప్రాంతంలో అడవులు కొట్టి కొత్తగా సాగులోకి తెచ్చిన నేలల్లో వరి విచిత్రంగా జబ్బు పడేది. నాటిన రెండు మూడు వారాలకి కింది ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు, మొక్క గిడసబారిపోవడం. రైతులు దాన్ని ఖైరా అన్నారు, కాచు రంగు అని. మన చండ్ర చెట్టు చేవ నుంచి తీసే కాచు ఉంది కదా, ఆ రంగు. అందరూ ఏదో బూజో, వైరసో అనుకున్నారు. పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో వై. ఎల్. నెనె అనే మొక్కల తెగుళ్ళ శాస్త్రవేత్త, 1966లో, ఇది క్రిమి వల్ల కాదు, జింకు లోపం అని తేల్చాడు. హెక్టారుకి 5 కిలోల జింకు సల్ఫేటు, రెండున్నర కిలోల సున్నం నీళ్ళలో కలిపి చల్లితే పైరు తేరుకుంది. తెగుళ్ళు చదివినవాడు "ఇది తెగులు కాదు, ఆకలి" అని చెప్పడం నాకు బాగా నచ్చిన విషయం. తన సబ్జెక్టులోకే లాక్కోవాలని చూడలేదు.

ఆ తర్వాత దేశమంతా మట్టి పరీక్షలు చేస్తుంటే చాలాచోట్ల అదే కథ. మన దేశపు నేలల్లో మూడో వంతు పైగా జింకు తక్కువగా ఉన్నవే. కారణాలు ఒక్కటి కాదు. కొత్త రకాలు ఎక్కువ దిగుబడి ఇచ్చి మట్టిలోంచి ఎక్కువ లాగేశాయి. పశువుల పెంట తగ్గింది. భాస్వరం ఎరువు మరీ ఎక్కువేస్తే మొక్కకి జింకు అందడం తగ్గుతుంది. నీళ్ళు నిలబెట్టే వరి మడిలో కూడా జింకు బిగుసుకుపోతుంది. దాంతో హెక్టారుకి 25 కిలోల జింకు సల్ఫేటు అనే సలహా వచ్చింది. కానీ వేసినదాంట్లో పంట తీసుకునేది చాలా కొద్ది భాగం. మిగతాది సున్నం ఉన్న నేలల్లో, బంకమట్టిలో అతుక్కుని కూర్చుంటుంది. నేలలో జింకు ఉంది, మొక్కకి లేదు. ఇంట్లో బియ్యం ఉండి పొయ్యి వెలగనట్టు.

సరిగ్గా ఇక్కడే నానో వచ్చి "నేను అందిస్తా" అంది.

నానో అనే మాట గురించి భయపడక్కర్లేదు. మీటరుని వంద కోట్ల ముక్కలు చేస్తే ఒక ముక్క ఒక నానోమీటరు. "నానోటెక్నాలజీ" అనే మాటని జపాన్‌కి చెందిన నోరియో తనిగుచి 1974లో వాడాడు. సాధారణంగా 1 నుంచి 100 నానోమీటర్ల మధ్య ఉన్న రేణువుల్ని నానో అంటారు. మన తల వెంట్రుక మందం సుమారు 80 వేల నానోమీటర్లు ఉంటుంది, అంతకన్నా ఎంత చిన్నవో చూసుకోండి. చిన్నదైతే ఏమవుద్ది? ఒక సెంటీమీటరు గడి అనుకోండి, దాని ఆరు ముఖాల వైశాల్యం 6 చదరపు సెంటీమీటర్లు. అదే గడిని 10 నానోమీటర్ల గడులుగా కోసేస్తే, బరువు అంతే, కానీ మొత్తం ఉపరితలం 600 చదరపు మీటర్లు. అంటే దాదాపు 15 సెంట్ల నేల. బయటికి తేలిన ఉపరితలం ఎంత పెరిగితే కరగడం, అంటుకోవడం, ఇంకోదానితో చర్య జరపడం అంత పెరుగుతాయి. అందుకే అదే జింకు ఆక్సైడు, పెద్ద రేణువుగా ఉన్నప్పుడు ఒక రకంగా, నానోగా ఉన్నప్పుడు ఇంకో రకంగా ఉంటుంది. మంచికైనా, చెడుకైనా.

ఇంకో విషయం, ఈ లోహ ఆక్సైడులు ముందు పొలానికని తయారు కాలేదు. జింకు ఆక్సైడు, టైటానియం ఆక్సైడు ఎండ క్రీముల్లో, పెయింట్లలో, సీరియం ఆక్సైడు డీజిల్లో కలిపే సరుకులో వాడారు. అవి మురుగు నీళ్ళలో చేరి, మురుగు బురద ఎరువుగా పొలానికి వస్తే పంట ఏమవుతుంది అన్నదే శాస్త్రవేత్తల మొదటి భయం. ఎరువుగా వాడదాం అనే ఆశ, ఈ భయం రెండూ పక్కపక్కనే నడిచాయి. ఒకే రేణువు మీద ఒకడు "కాలుష్యం" అని పేపరు రాస్తే ఇంకొకడు "ఎరువు" అని రాశాడు.

భయం వైపు మొదటి దెబ్బ 2005లో. అమెరికాలో న్యూజెర్సీలో యాంగ్, వాట్స్ అనే ఇద్దరు అల్యూమినియం ఆక్సైడు నానో రేణువుల్ని మొక్కజొన్న, దోస, సోయా, క్యాబేజీ, క్యారెట్ మొలకల మీద పరీక్షిస్తే వేర్ల పెరుగుదల తగ్గింది. 2007లో మసాచుసెట్స్‌లో లిన్, షింగ్ అనే ఇద్దరు ఐదు రకాల నానో రేణువుల్ని ఆరు రకాల విత్తనాల మీద చూశారు. మొలకెత్తడం పెద్దగా ఆగలేదు గానీ, జింకు, జింకు ఆక్సైడు ఉన్న నీళ్ళలో వేర్లు పొట్టిగా ఉండిపోయాయి. లీటరుకి సుమారు 50 మిల్లీగ్రాముల దగ్గరే ముల్లంగి వేరు పెరుగుదల సగానికి పడిపోయింది. ఆవ జాతి రేప్ మొక్కకి, రైగ్రాస్ అనే గడ్డికి 20 మిల్లీగ్రాములే సరిపోయింది. 2012లో రాగి ఆక్సైడు నానో రేణువులు ముల్లంగి, రైగ్రాస్ మొలకల డీఎన్ఏని కూడా దెబ్బతీస్తున్నాయని ఇంకో బృందం చూపించింది.

ఇవి చదివితే నానో అంటే విషం అనిపిస్తుంది. కానీ ఆనా సోమర్ కథ గుర్తుంది కదా? మొక్క దేంట్లో పెరిగింది అని అడగాలి. ఈ ప్రయోగాలు ఎక్కువ నీళ్ళలో, తడి కాగితం మీద చేసినవి. అక్కడ లేత వేరుకీ రేణువుకీ మధ్య అడ్డం ఏమీ లేదు. 2008లో ఇనుప ఆక్సైడుతో గుమ్మడి మీద చేసిన పని ఈ సంగతి చక్కగా చూపిస్తుంది. నీళ్ళలో పెంచిన గుమ్మడి మొక్క ఇనుప ఆక్సైడు నానో రేణువుల్ని వేరుతో పీల్చుకుని పైకి పంపింది. ఇసుకలో పెంచినప్పుడు పీల్చుకోవడం తగ్గింది. మట్టిలో పెంచితే అసలు పీల్చుకోలేదు. అదే మొక్క, అవే రేణువులు. పైగా నీళ్ళలో పెంచినా లైమా చిక్కుడు మొక్క వాటిని తీసుకోనే లేదు. అంటే మొక్క జాతిని బట్టి కూడా మారుతుంది. మట్టిలో బంకమట్టి, కుళ్ళిన ఆకు, లవణాలు ఆ రేణువుల్ని పట్టుకుంటాయి, ముద్దలు కట్టిస్తాయి, కరిగిస్తాయి. నా లెక్కలో ఈ మొత్తం చరిత్రలో అందరికీ చెప్పాల్సిన ప్రయోగం ఏదైనా ఉంటే ఇదే. మట్టి ఊరికే నిలబెట్టే గుంజ కాదు.

అయితే మట్టి కాపాడుతుంది కాబట్టి ఫర్వాలేదు అనుకోవాలా? దానికి జవాబు 2012లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాంటా బార్బరా బృందం సోయా మీద చేసిన పనిలో ఉంది. వాళ్ళు విత్తనం నుంచి కాయ దాకా మట్టిలోనే పెంచారు. జింకు ఆక్సైడు కలిపిన మట్టిలో సోయా బాగానే పెరిగింది, కాకపోతే ఆకుల్లోనూ గింజల్లోనూ జింకు ఎక్కువగా చేరింది. సీరియం ఆక్సైడు కలిపిన మట్టిలో మాత్రం పెరుగుదల, దిగుబడి తగ్గాయి, ఎక్కువ మోతాదులో వేరు బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టే పని దాదాపు ఆగిపోయింది. మొక్క పచ్చగానే కనిపిస్తూ లోపల పని ఆగిపోవచ్చు అన్నమాట. మన కొండల్లో రాజ్‌మా, కంది, ఉలవ వేసేది ఎందుకు? అవి తమ ఎరువు తామే చేసుకుంటాయని. యూరియా బస్తా కొనే స్థోమత లేని ఇంటికి ఆ బుడిపెలే బస్తా. సీరియం ఎవరూ ఎరువుగా అమ్మరు, నిజమే. కానీ ఏ కొత్త సరుకు వచ్చినా పప్పు జాతి పంటలో బుడిపెల సంగతి చూశారా అని అడగడం మన హక్కు.

మరుసటి ఏడాది, 2013లో, టెక్సాస్‌లో ఎల్ పాసో విశ్వవిద్యాలయంలో గార్డియా-టొర్రెస్డే బృందం బలమైన ఎక్స్‌రే కిరణాలతో సోయా కాయల లోపలికి చూసింది. జింకు కాయలో నానో రేణువుగా లేదు, కరిగిపోయి మామూలు జింకులా, సిట్రేటుతో కలిసినట్టు ఉంది. సీరియం మాత్రం ఎక్కువగా సీరియం ఆక్సైడుగానే కాయ దాకా వచ్చేసింది. కాబట్టి "నానో తింటే మన ఒంట్లోకి నానో వస్తుందా" అనే ప్రశ్నకి అన్ని లోహాలకీ ఒకే జవాబు లేదు. జింకుకి ఒక జవాబు, సీరియానికి ఇంకో జవాబు. ఎవరైనా "నానో అంతా సేఫ్" అన్నా, "నానో అంతా విషం" అన్నా, ముందు ఏ లోహం అని అడగండి.

ఇక ఆశ వైపు. ఇందులో మన రాష్ట్రం పేరు ఉంది. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం తిరుపతి పరిశోధన కేంద్రంలో టి.ఎన్.వి.కె.వి. ప్రసాద్, మరికొందరు, మద్రాసు ఐఐటీ వాళ్ళతో కలిసి, వేరుశనగ మీద జింకు ఆక్సైడు నానో రేణువుల్ని పరీక్షించారు. 2012లో అచ్చయిన ఆ పేపరుని ప్రపంచమంతా ఉదహరిస్తుంది. రేణువులు సగటున 25 నానోమీటర్లు. 1000 పీపీఎం మోతాదుతో విత్తనశుద్ధి చేస్తే మొలక, మొక్క చురుకుదనం బాగున్నాయి. 2000 పీపీఎంకి వెళ్తే అదే సరుకు హాని చేసింది. పొలంలో 2008-09, 2009-10 రబీల్లో ఆకుల మీద పిచికారీ చేస్తే, మామూలుగా చెప్పే చిలేటెడ్ జింకు సల్ఫేటు కన్నా 15 రెట్లు తక్కువ మోతాదుతోనే, కాయ దిగుబడి ఒక ఏడు 29.5 శాతం, రెండో ఏడు 26.3 శాతం ఎక్కువ వచ్చింది.

ఇక్కడ ఎవరికైనా డౌటు రావాలి. అమెరికాలో లీటరుకి 20 మిల్లీగ్రాములకే వేరు ఆగిపోతే, తిరుపతిలో 1000 పీపీఎం, అంటే లీటరుకి 1000 మిల్లీగ్రాములు, ఎలా మేలు చేసింది? ఇద్దరిలో ఒకరు తప్పా? కాదు. అక్కడ గడ్డి గింజంత చిన్న విత్తనం, దాని లేత వేరు రోజుల తరబడి ఆ నీళ్ళలోనే ఉంది. ఇక్కడ పెద్ద వేరుశనగ గింజకి విత్తనశుద్ధి, తర్వాత మామూలు పెరుగుదల. ఎంత మోతాదు అనేదానితోపాటు ఎంతసేపు, ఏ విత్తనం, ఎక్కడ అనేవి కలిస్తేనే లెక్క. ఈ తేడా చెప్పకుండా ఒక్క అంకె పట్టుకుని అమ్మేవాడైనా, భయపెట్టేవాడైనా సగమే చెప్తున్నట్టు. ఇందులో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మేలుకీ హానికీ మధ్య దూరం. 1000 మేలు, 2000 హాని. రెండు మూతలు పొయ్యాల్సిన చోట నాలుగు మూతలు పోస్తే అయిపోయింది. "కొంచెం ఎక్కువేస్తే ఇంకా బాగా పనిచేస్తాది" అనే అలవాటు మన ఊళ్ళలో ఎంత ఉందో మీకు తెలుసు.

ఇప్పుడు మన నేల. మట్టి పులుపా, చౌడా అనేది జింకు ఆక్సైడు విషయంలో చాలా ముఖ్యం. ఆమ్ల గుణం ఉన్న నేలలో జింకు ఆక్సైడు త్వరగా కరుగుతుంది, సున్నం ఉన్న నేలలో నెమ్మదిగా. పాడేరు, చింతపల్లి కొండల ఎర్ర నేలలు చాలాచోట్ల ఆమ్ల గుణం ఉన్నవి. ఉట్నూరు, ఆసిఫాబాద్ వైపు అన్నదమ్ముల పత్తి చేలలో నల్లరేగడి, అది క్షార గుణం వైపు ఉంటుంది. ఒకే సీసా రెండు చోట్లా ఒకేలా పనిచేయదు. కొండల్లో మాకు ఎక్కువ మోతాదు వేస్తే హాని తొందరగా కనిపించే ప్రమాదం ఉంది. పైగా ఆమ్ల నేలలో మామూలు జింకు సల్ఫేటు కూడా మొక్కకి బాగానే అందుతుంది, దానికన్నా ఖరీదైన సీసా అక్కడ ఎంత అదనం ఇస్తుందో చూడాలి. నల్లరేగడిలో వేసిన జింకు మట్టికి అతుక్కుపోతుంది కాబట్టి ఆకు మీద కొట్టే మందుకి అర్థం ఎక్కువ. ఇది నా ఆలోచన, ఎవరైనా అగ్రికల్చర్ చదివే అన్నలు, అక్కలు కాదంటే కింద రాయండి.

మట్టిలో ఉండే బ్యాక్టీరియా సంగతి కూడా ఉంది. 2011లో శాంటా బార్బరా వాళ్ళే గడ్డి నేల మట్టిలో టైటానియం, జింకు ఆక్సైడు నానో రేణువులు కలిపి చూస్తే బ్యాక్టీరియా తగ్గింది, వాటి రకాలు మారిపోయాయి. ఆ మోతాదులు పిచికారీలో నేలకి చేరేదానికన్నా ఎక్కువే. కానీ లోహం విషయంలో ఈ ఏడాది ఎంత అని కాకుండా, ముప్ఫై ఏళ్ళు కలిపితే ఎంత అని అడగాలని ద్రాక్ష తోటలు చూపించాయి. మన పోడు భూములకి పట్టా వచ్చిన కుటుంబాలు అదే రెండెకరాల మీద మనవలు కూడా బతకాలి. ఇంకో కొండకి మారే కాలం అయిపోయింది.

సర్కారు వైపు సంగతి క్లుప్తంగా. 2020 జూలైలో కేంద్ర బయోటెక్నాలజీ శాఖ నానో వ్యవసాయ సరుకుల్ని ఎలా పరీక్షించాలో మార్గదర్శకాలు విడుదల చేసింది. 2021లో ఇఫ్కో నానో యూరియా వచ్చింది. చాలామంది దీన్నీ జింకునీ కలిపేస్తున్నారు. నానో యూరియాలో ఉండేది నత్రజని, లోహం కాదు. పైన చెప్పిన లోహాల చరిత్ర దానికి వర్తించదు, దాని మీద చర్చ వేరే ఉంది. అలాగే జింకు ఆక్సైడు అని ఉన్న ప్రతి సీసా నానో కాదు, 39.5 శాతం జింకు ఆక్సైడు ద్రావణం మామూలు ఎరువుగా ముందు నుంచీ ఉంది. లేబుల్ మీద ఏ లోహం, ఎంత శాతం, రేణువు సైజు, ఏ పంటకి, లీటరుకి ఎంత అనేది రాసి ఉందో లేదో చూడండి. చదవడం రాని పెద్దవాళ్ళకి మనమే చదివి చెప్పాలి, ఆ మాత్రం చదువు మనకి వచ్చింది కదా.

పిచికారీ చేసేవాళ్ళ ఊపిరి గురించి ఒక మాట. ఇత్తడి పోత పోసేవాళ్ళకి, గాల్వనైజ్డ్ రేకు వెల్డింగు చేసేవాళ్ళకి సాయంత్రం చలిజ్వరం వస్తుంది. జింకు ఆక్సైడు పొగ పీల్చడం వల్ల వచ్చే జ్వరమది, రెండు వందల ఏళ్ళ నాడే పోతపనివాళ్ళలో గుర్తించారు. ద్రవం పిచికారీ దానితో సమానం కాదు, కానీ పొడి రూపంలో ఉన్న నానో సరుకుని చేత్తో కలపడం, ఎదురు గాలిలో తువ్వాలు కూడా కట్టకుండా కొట్టడం వద్దు.

అసలు జింకు లోపం ఉందో లేదో తెలియకుండా జింకు కొనడం అన్నిటికన్నా దండగ. 1978లో లిండ్సే, నార్వెల్ అనే ఇద్దరు కొలరాడోలో డీటీపీఏ అనే మందుతో మట్టిలో మొక్కకి అందే జింకు ఎంతో కొలిచే పద్ధతి ప్రకటించారు. మన ల్యాబుల్లో కూడా అదే. కిలో మట్టికి 0.6 మిల్లీగ్రాముల కన్నా తక్కువ ఉంటే లోపం అని సాధారణంగా చెప్తారు. 2015 నుంచి ఇస్తున్న భూసార కార్డులో 12 అంశాలుంటాయి, వాటిలో జింకు, పీహెచ్ రెండూ ఉంటాయి. కార్డు ఇంట్లో చూరులో దోపి ఉంటాది, తీసి చూడండి. కార్డు లేనివాళ్ళు రైతు సేవా కేంద్రంలో అడగండి. తినే తిండిలో జింకు కోసమైతే ఇంకో దారి కూడా ఉంది, హైదరాబాద్ వరి పరిశోధన సంస్థ 2016లో ఇచ్చిన డీఆర్ఆర్ ధాన్ 45 లాంటి, గింజలోనే జింకు ఎక్కువుండే వరి రకాలు. విత్తనం దాచుకుంటే మళ్ళీ కొనక్కర్లేదు.

అయినా ఈ సీజన్లో ఎవరైనా నానో జింకు కొట్టేటట్టయితే ఒక పని చెయ్యండి. చేను మొత్తం కొట్టకుండా మధ్యలో నాలుగు వరసలు ఏమీ కొట్టకుండా, ఇంకో నాలుగు వరసలు మామూలు జింకు సల్ఫేటుతో ఉంచండి. పీహెచ్ ఎంత, జింకు ఎంత, ఏ తేదీన ఎంత మోతాదు కొట్టారో రాసుకోండి. పప్పు పంటయితే పూత టైములో రెండేసి మొక్కలు పీకి బుడిపెలు లెక్కపెట్టండి, గోరుతో గిల్లితే లోపల ఎర్రగా ఉందా తెల్లగా ఉందా చూడండి, ఎర్రగా ఉంటే పని చేస్తున్నట్టు. కోత రోజు వరసల్ని విడివిడిగా తూచండి. చోడి, సామ, రాజ్‌మా వేసేవాళ్ళు కింద ఊరు పేరు, పంట పేరు పెట్టండి, రాసుకోవడానికి పట్టిక నేను తయారు చేసి గ్రూపులో పెడతా.